గోదాములో బస్తా నడక
ట్రాక్టరు, ట్రాలీల ఎంపికలో వర్తకులు చూడవలసినవి

బజారులో క్వింటాలుకు అయిదు రూపాయల తేడా వచ్చిందంటే పది చోట్లకు ఫోను చేసే వర్తకుడు, తన గోదాములో బస్తా ఎంత దూరం నడుస్తున్నదో మాత్రం కొలిచి చూడడు. గోదాము చిన్నదిగా ఉన్నంత కాలం ఆ అవసరమూ లేదు. లారీ తలుపు దగ్గర ఆగేది, ముఠా బస్తాలను భుజాన వేసుకుని నాలుగడుగుల్లో దొంతర కట్టేది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన తరువాత పరిస్థితి మారింది. అంతకు ముందు కేంద్ర అమ్మకపు పన్ను బాధ తప్పించుకోవడానికి పెద్ద కంపెనీలు రాష్ట్రానికొక చిన్న గోదాము పెట్టుకునేవి. ఆ కారణం పోవడంతో ఊరి వెలుపల పెద్ద గోదాములు లేచాయి. కప్పు కింద చోటు పెరిగింది, దానితోపాటు బస్తా నడకా పెరిగింది.

ఒక లెక్క చూద్దాం. 10 టన్నుల లారీలో 50 కిలోల బస్తాలు 200 ఉంటాయి. గేటు నుంచి చివరి దొంతరకు 200 మీటర్ల దూరం అనుకుందాం. చేతి ట్రాలీ మీద ఒక్కో విడతకు అయిదు బస్తాలు పెడితే 40 విడతలు. రానుపోను 400 మీటర్లు కనుక మొత్తం నడక 16 కిలోమీటర్లు. అదే టన్ను చొప్పున మోసే నాలుగు ట్రాలీలను ఒక ట్రాక్టరు వెనుక తగిలిస్తే విడతకు 80 బస్తాలు వెళతాయి. మూడు విడతల్లో, 1,200 మీటర్లతో పని ముగుస్తుంది. విమానాశ్రయాల్లో ప్రయాణికుల సామాను బళ్లను వరుసగా లాక్కుపోయే చిన్న ట్రాక్టర్లను చూసినవారికి ఈ యంత్రం కొత్తది కాదు.

ఎత్తడం వేరు, లాగడం వేరు

పలువురు యజమానులు చేసే మొదటి పొరపాటు ఫోర్కులిఫ్టునే అన్ని పనులకూ వాడటం. ఫోర్కులిఫ్టు సరుకును పైకెత్తి పేర్చడానికి పుట్టిన యంత్రం. దాన్ని గోదాము ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కొక్క ప్యాలెట్టుతో పరుగెత్తిస్తే ఖర్చు పెరుగుతుంది, దారిలో ప్రమాదాలూ పెరుగుతాయి. దూరం తక్కువ, ఎత్తు ఎక్కువ అయితే ఫోర్కులిఫ్టు. దూరం ఎక్కువ, ఒకే దారిలో పదేపదే రాకపోకలు ఉంటే ట్రాక్టరు, ట్రాలీలు. అంతస్తులుగా కట్టిన శీతల గిడ్డంగిలో ట్రాక్టరు కింది అంతస్తు వరకే. పైకి లిఫ్టూ, హమాలీ భుజమూ తప్పవు. ఈ సంగతి చూడకుండా కొన్న యంత్రం గేటు దగ్గర అలంకారంగా మిగిలిపోతుంది.

కేటలాగు టన్నులు, అసలు టన్నులు

కేటలాగులో రాసిన లాగుడు శక్తి చదునైన నేల మీద లెక్క. నున్నటి కాంక్రీటు మీద చక్రాలు దొర్లడానికి బరువులో సుమారు నూటికి రెండు వంతుల బలం కావాలి. పైన చెప్పిన నాలుగు ట్రాలీలకు సరుకు 4 టన్నులు, ట్రాలీల సొంత బరువు మరో 800 కిలోలు అనుకుంటే మొత్తం 4,800 కిలోలు. దాన్ని నడిపించడానికి దాదాపు 100 కిలోల బలం చాలు. నిలిచి ఉన్నదాన్ని కదిలించడానికి అంతకంటె ఎక్కువ కావాలి.

అసలు కథ వాలు దగ్గర మొదలవుతుంది. 20 అడుగులకు ఒక అడుగు ఎత్తున్న ర్యాంపు ఎక్కాలంటే పై బలానికి మరో 240 కిలోలు కలపాలి. ట్రాక్టరు తన బరువును తానే ఎక్కించుకోవడం దీనికి అదనం. చదునులో చులాగ్గా లాగిన యంత్రం ర్యాంపు మీద చతికిలబడటానికి కారణం ఇదే. దిగేటప్పుడు బ్రేకులు లేని ట్రాలీలు వెనుక నుంచి ట్రాక్టరును తోసుకువస్తాయి. కనుక కొనుగోలుకు ముందు అమ్మకందారు చేత సొంత గోదాములోనే, నిండు బరువుతో, ర్యాంపు మీద ఎక్కించి, దింపించి, మధ్యలో ఆపించి చూడటం మంచిది.

ట్రాలీలే కీలకం

ట్రాక్టరు మీద పెట్టే శ్రద్ధ ట్రాలీల మీద పెట్టకపోవడం రెండో పొరపాటు. ముందు చక్రాలు మాత్రమే తిరిగే ట్రాలీలను వరుసగా తగిలిస్తే మలుపులో ఒక్కొక్కటీ ముందుదాని కంటె లోపలికి జరుగుతుంది. చివరి ట్రాలీ దొంతర మూలను గీరుకుంటుంది. బస్తా చినిగి సరుకు నేలపాలయ్యేది అక్కడే. నాలుగు చక్రాలూ తిరిగే ట్రాలీలు దాదాపు ఒకే జాడలో నడుస్తాయి. ధర ఎక్కువైనా ఇరుకు దారులున్న చోట అవే మేలు.

చక్రాల సంగతీ అంతే. నున్నటి నేలకు పాలియురేథేన్ చక్రాలు తేలికగా దొర్లుతాయి. గతుకుల ఆవరణలోకి కూడా వెళ్లాలంటే రబ్బరు చక్రాలు కావాలి. ఇనుప చక్రాలు నేలను తినేస్తాయి. ట్రాక్టరు కొక్కెం, ట్రాలీ కమ్మి ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

సంఖ్య విషయంలో అనుభవజ్ఞుల సూత్రం ఒకటే: ఒక ట్రాక్టరుకు మూడు వరుసల ట్రాలీలు. ఒక వరుస ఎక్కించే చోట, ఒకటి దారిలో, ఒకటి దించే చోట ఉండాలి. ఒకే వరుస ఉంటే బస్తాలు ఎక్కించి దించేంత సేపు ట్రాక్టరు, డ్రైవరు ఊరికే నిలబడతారు.

బ్యాటరీయా, డీజిలా?

మూసిన గోదాములో డీజిలు యంత్రం తగదు. పొగలోని విషవాయువు పనివారికి హాని. మసాలా దినుసులు, తేయాకు వంటివి ఆ వాసనను పట్టుకుంటాయి. ఆరుబయట ఆవరణకు అది పనికివస్తుంది. లోపలికి బ్యాటరీ ట్రాక్టరే.

సీసపు బ్యాటరీ ధర తక్కువ. కాని చార్జింగుకు సుమారు ఎనిమిది గంటలు పడుతుంది, డిస్టిల్డు వాటరు పోయాలి, చార్జింగు వేళ వెలువడే హైడ్రోజన్ వాయువు నిప్పురవ్వకు అంటుకుంటుంది. కనుక చార్జింగు చోటు గోనెసంచులకు దూరంగా, గాలి ఆడేలా ఉండాలి. లిథియం బ్యాటరీ ధర ఎక్కువైనా భోజన విరామంలో కూడా చార్జి చేసుకోవచ్చు. శీతల గిడ్డంగిలో ఏ బ్యాటరీ అయినా తక్కువ సేపు పనిచేస్తుంది. చలి నుంచి వేడికి వచ్చినప్పుడు పట్టే తేమకు తట్టుకునే నమూనాను అడిగి తీసుకోవాలి.

కొనడమా, అద్దెకా?

తరుగుదల, పెట్టుబడి మీద వడ్డీ, కరెంటు, డ్రైవరు జీతం, కొన్నేళ్లకొకసారి కొత్త బ్యాటరీ: ఈ అయిదు పద్దులు కలిపి ఏడాదిలో కదిలే టన్నులతో భాగిస్తే టన్నుకు పడే ఖర్చు తేలుతుంది. ఏడాది పొడుగునా సరుకు ఆడే గోదాముకు కొనుగోలు కలిసివస్తుంది. గుంటూరు మిర్చి వంటి సీజను సరుకు మాత్రమే నిలవచేసేవారు ముందుగా అద్దె ధరలు విచారించడం వివేకం. నెలల తరబడి చార్జింగు లేకుండా మూల పడి ఉన్న సీసపు బ్యాటరీ మరుసటి సీజనుకు పనికిరాకుండా పోతుంది.

చివరి పద్దు ముఠాది. బస్తాకింత అని కూలి తీసుకునేవారికి యంత్రం అనగానే గుబులు కలగడం సహజం. ట్రాక్టరు వారి నడకను తగ్గిస్తుంది గాని ఎత్తడం, దించడం, పేర్చడం వారి చేతుల్లోనే ఉంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఒక మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు మించరాదని సిఫార్సు చేసింది. 50 కిలోల బస్తా ఆ హద్దుకు అయిదు కిలోల దూరంలోనే ఉంది. దాన్ని మోసుకుంటూ రోజంతా 200 మీటర్ల చొప్పున నడిపించడం ఎవరికీ లాభం కాదు. యంత్రం గేటులోకి రాకముందే మేస్త్రీతో కూర్చుని, లారీలు త్వరగా దిగడం వల్ల వచ్చే లాభంలో ముఠాకు ఎంత అన్నది తేల్చుకున్న యజమానికి మొదటి రోజే పని సాగుతుంది. తేల్చుకోనివాడి లారీలు గేటు బయట వరుస కడతాయి. ఆ నిరీక్షణ ఖర్చు ఏ కేటలాగులోనూ కనిపించదు.