అర మైలు దాటాక వెనక చక్రం ఎందుకు బిగుస్తుంది?

పదేళ్లుగా వసారాలో గోడకానించి ఉన్న తాతగారి నల్ల సైకిలు. దులిపి, గాలి కొట్టించి ఎక్కితే మొదట బాగానే సాగుతుంది. అర మైలు దాటేసరికి పిక్కలు పట్టేస్తాయి. దిగి నడిపిద్దామన్నా వెనక చక్రం మొరాయిస్తుంది. ఫ్రీవీల్ పోయిందంటారు ఎవరో. కొత్తది వేయిస్తే డబ్బు పోతుంది గాని బరువు తగ్గదు.

ఎందుకు తగ్గదంటే, మనం తొక్కుతున్నంతసేపూ ఫ్రీవీల్ లోపలి బాల్స్‌కు పనే లేదు. అందులోని చిన్న నాలుకలు పళ్లను పట్టుకుని, పళ్లచక్రాన్నీ హబ్‌నూ ఒకటిగా తిప్పుతాయి. బాల్స్‌కు పని పడేది తొక్కడం ఆపినప్పుడే. ఫ్రీవీల్ నిజంగా బిగుసుకుపోతే మీరు కాళ్లు ఆపినా పెడల్స్ వాటంతట అవే తిరగబోతాయి, పైచైను సడలి వేలాడుతుంది. తొక్కేటప్పటి బరువుకు దాన్ని నిందించడం అన్యాయం.

మరి బరువు ఎక్కడుంది? స్టాండు వేసి, పళ్ల మీంచి చైను తప్పించండి. పెడల్స్ విడిగా, చక్రం విడిగా తిప్పి చూడండి. పెడల్స్ బిగువుగా ఉంటే జబ్బు బీబీలో, అంటే పెడల్ కాడల ఇరుసు తిరిగే గొట్టంలో ఉంది. రెండూ హాయిగా తిరిగి, చైను వేయగానే బరువెక్కితే చైను మరీ లాగి బిగించారన్నమాట. మధ్యలో వేలితో నొక్కితే అది అర అంగుళమైనా కదలాలి. బ్రేకు రబ్బర్లు రిమ్ముకు తగలకపోయినా చక్రమే మొరాయిస్తుంటే, ఇక హబ్ విప్పాల్సిందే.

లోపల ఉన్నది చాలా సాదా ఏర్పాటు. ఇరుసు తిరగదు, హబ్ దాని చుట్టూ తిరుగుతుంది. ఇరుసుకు రెండు చివర్లా మర మీద ఎక్కించిన కోన్లు, హబ్‌లో కప్పులు, వాటి మధ్య బాల్స్. కోను ఎంత లోపలికి జరిగితే బాల్స్ అంత నలుగుతాయి.

మొదట బాగుండి తర్వాత బిగియడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. కుడిపక్క నిలబడి చూస్తే, ముందుకుపోయే చక్రం గడియారం ముల్లులా తిరుగుతుంది. మామూలు మర బిగిసేది కూడా అటే. హబ్ తిరుగుతూ బాల్స్ రాపిడితో కోనును కూడా తనవైపు కాస్త లాగుతూనే ఉంటుంది. కుడి కోనును పట్టి ఉంచాల్సిన నట్టు వదులైతే, ఆ లాగుడుకు కోను లోపలికి పాకుతుంది. పాకేకొద్దీ రాపిడి పెరుగుతుంది, రాపిడి పెరిగేకొద్దీ ఇంకా పాకుతుంది. అర మైలు చాలు. ఎడమపక్క ఇదే లాగుడు కోనును వదులు చేస్తుంది గాని బిగించదు. అందుకే కుడి కోనును కదలకుండా బిగించేసి, సర్దుబాటంతా ఎడమ కోనుతోనే చేస్తారు. ముందు చక్రాన్ని పొరపాటున తిరగేసి బిగించినప్పుడు కూడా ఇదే చిక్కు రావచ్చు.

మొదటి తొక్కుడు నుంచే బరువుంటే అనుమానం పాత గ్రీజు మీద. ఏళ్ల తరబడి కదలని గ్రీజులో నూనె ఇంకిపోయి, మైనంలాంటి ముద్ద మిగులుతుంది. కొందరు ప్రేమగా వంటనూనె పోస్తారు. అది గాలి తగిలి జిగురవుతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది కాబట్టి చలికాలం ఉదయాల్లో అదీ పనికిరాదు. దయచేసి హబ్‌కు గ్రీజే పెట్టండి.

విప్పాక అన్నిటినీ కిరసనాయిలులో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే కొత్త గ్రీజు పలచబడిపోతుంది. కోను మీద బాల్స్ నడిచిన దారి వెలుతురులో చూడండి. నున్నగా మెరిస్తే సరే, మశూచి మచ్చల్లా గుంటలుంటే కోను మార్చాలి. మారిస్తే బాల్స్ మొత్తం కొత్తవే వేయండి. అరిగిన వాటి మధ్య ఒక కొత్త బాల్ ఉంటే భారమంతా దాని మీదే పడుతుంది. ఈ తరహా సైకిళ్ల వెనక హబ్‌లో మామూలుగా పక్కకు 9, పావు అంగుళానివి. చోటుంది కదా అని పదోది ఇరికించకండి. పక్కపక్క బాల్స్ ఒకదాన్నొకటి తాకే చోట ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి, సందు లేకపోతే ఒరుసుకుంటాయి.

ఇరుసును అద్దం మీద దొర్లించండి. ఎగిరెగిరి దొర్లితే వంగిందన్నమాట. బియ్యం బస్తాలు మోసిన సైకిళ్లలో ఇది మామూలే. ఫ్రీవీల్‌కు చోటివ్వడం వల్ల కుడివైపు బేరింగ్ లోపలికి ఉంటుంది, ఫ్రేము దాకా ఇరుసు ఆసరా లేకుండా సాగుతుంది. వంగిన ఇరుసుతో హబ్ ఎప్పటికీ కుదరదు. ఒకచోట బిగువు, ఒకచోట వదులు. మార్చడమే మార్గం.

తిరిగి కూర్చేటప్పుడు ఎడమ కోనును వేళ్లతో బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పి, కోనును రెంచితో పట్టుకుని నట్టు వేయండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. చేతిలో చక్కగా తిరిగిన హబ్ ఫ్రేములో బిగించాక పట్టేస్తుంది. ఇరుసు నట్ల ఒత్తిడికి మరలోని సన్నని సందు కూడా మూసుకుని, కోను లోపలికి జరగడమే కారణం. అందుకే చేతిలో ఉన్నప్పుడు వెంట్రుకవాసి ఊపు మిగిల్చాలి. బిగించాక ఆ ఊపు మాయమై, బిగువు రాకుండా ఆగాలి. మొదటిసారికే కుదరకపోవచ్చు. రెండుమూడు సార్లు విప్పి సర్దడానికి విసుక్కోకండి.

కుదిరిందని తెలిసేదెలా? చైను వేయకముందే వాల్వును ఇరుసు ఎత్తుకు, పక్కకు తెచ్చి వదిలేయండి. చక్రంలో బరువెక్కువున్న చోటు దానంతట అదే కిందికి జారి, అవతలికి కాస్త ఎక్కి, గడియారం లోలకంలా ఊగి, నెమ్మదిగా నిలవాలి.