తుపాకి మోత నుంచి చెవులకు రక్షణ – తగిన ఇయర్‌ప్లగ్గుల ఎంపిక

పరిచయం

ఎన్.సి.సి. శిబిరంలో మొదటిసారి రైఫిల్ పట్టుకున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. చెవుల్లో పెట్టుకోమని ఆమెకు స్పాంజి ఇయర్‌ప్లగ్గులు ఇచ్చారు. అవి ఆమె చెవులకు లావయ్యాయి. నొప్పి పుట్టడంతో రెండుసార్లు కాల్చాక ఎడమ చెవిలోది తీసి జేబులో వేసుకుంది. ఆ రాత్రి ఆ చెవిలో కీచురాయి కూసినట్టు ఒకటే హోరు. మర్నాటికి తగ్గిపోయింది. "ఏమీ కాలేదులే" అనుకుంది.

నిజంగా ఏమీ కాలేదా? ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం. పోలీసు, హోంగార్డు శిక్షణలో ఉన్నవారికి, తుపాకితో కాపలా కాసేవారికి, షూటింగ్ క్రీడ నేర్చుకునేవారికి ఇది ఎంతో అవసరం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తుపాకి మోత చెవిని ఎలా దెబ్బతీస్తుందో వివరించగలుగుతారు.
• ఇయర్‌ప్లగ్గుల రకాలను గుర్తించగలుగుతారు.
• మీ చెవికి ఇబ్బంది కలిగించని ప్లగ్గును ఎంచుకుని, సరిగ్గా పెట్టుకోగలుగుతారు.

1. తుపాకి మోత చెవికి ఏం చేస్తుంది?

శబ్దాన్ని డెసిబెల్లలో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాటలు సుమారు 60 డెసిబెల్లు. పాయింట్ 22 రైఫిల్ పేలితే ఆ మోత 140 డెసిబెల్ల దాకా ఉండవచ్చు. పెద్ద రైఫిళ్లు, 12 బోర్ తుపాకులు 150 కూడా దాటుతాయి. డెసిబెల్లు 10 పెరిగితే శబ్ద తీవ్రత 10 రెట్లు అవుతుంది. అంటే 60 నుంచి 140కి చేరేసరికి తీవ్రత 10 కోట్ల రెట్లు పెరిగిందన్నమాట!

మన లోపలి చెవిలో నత్త గుల్ల ఆకారంలో కర్ణావర్తం ఉంటుంది. అందులో వేల సంఖ్యలో సన్నని రోమ కణాలు ఉంటాయి. శబ్దాన్ని మెదడుకు అందే సంకేతంగా మార్చేవి ఇవే. పెద్ద మోతకు ఇవి గాలివానకు వరిచేను పడిపోయినట్టు పడిపోతాయి. కొన్ని తిరిగి లేస్తాయి, కొన్ని చచ్చిపోతాయి. వరి మళ్లీ నాటుకోవచ్చు. చచ్చిన రోమ కణాలు మాత్రం మనుషుల్లో మళ్లీ పుట్టవు. కాల్చిన తరువాత చెవిలో హోరు వచ్చిందంటే ఆ కణాలు దెబ్బతిన్నాయన్న హెచ్చరిక. హోరు తగ్గినంత మాత్రాన నష్టమంతా పూడినట్టు కాదు.

పెద్ద శబ్దం వచ్చినప్పుడు చెవి తనను తాను కాపాడుకునే ఏర్పాటు లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. మధ్య చెవిలోని చిన్న కండరాలు బిగుసుకుంటాయి. కాని అవి బిగుసుకునేలోపే తుపాకి మోత లోపలికి చేరిపోతుంది.

మొదట వినికిడి తగ్గేది సన్నని, కీచు శబ్దాలకు. స, శ, త వంటి అక్షరాలు స్పష్టంగా వినపడవు. పసిపిల్లల మాటలు అర్థం కావు. "వినపడుతోంది గాని తెలియడం లేదు" అంటారు.

మరో విషయం. కుడి భుజానికి రైఫిల్ ఆనించి కాల్చేవారి ఎడమ చెవి తుపాకి మూతి వైపు ఉంటుంది. కుడి చెవికి తల కొంత అడ్డుపడుతుంది. అందుకే ఇలాంటివారిలో ఎడమ చెవి ఎక్కువగా దెబ్బతింటుంది. మన ఎన్.సి.సి. అమ్మాయి తీసేసింది ఆ చెవిలోదే!

2. ఇయర్‌ప్లగ్గుల రకాలు

(అ) స్పాంజి ప్లగ్గులు: వేళ్లతో నలిపితే సన్నబడి, చెవిలో నెమ్మదిగా ఉబ్బుతాయి. మెత్తగా ఉంటాయి. మాసితే పారేయాలి.

(ఆ) రబ్బరు లేక సిలికాన్ ప్లగ్గులు: గొడుగులు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉంటాయి. నలపనక్కరలేదు, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. సైజు కుదరకపోతే అంచులు ఒరుసుకుంటాయి.

(ఇ) అచ్చు తీసి చేసినవి: మీ చెవికే అచ్చు తీసి తయారు చేస్తారు. ఖరీదు ఎక్కువ. తరచుగా కాల్చేవారికి ఉపయోగం.

ఇవి కాక చెవి మొత్తాన్ని పైనుంచి కప్పే ఇయర్‌మఫ్‌లు ఉన్నాయి. రైఫిల్ మడమకు చెంప ఆనించినప్పుడు ఇవి పక్కకు జరగవచ్చు. కళ్లజోడు కాడల దగ్గర సందు కూడా ఏర్పడుతుంది.

దూది సంగతేమిటి? దూది చాలా కొద్ది శబ్దాన్నే ఆపుతుంది. తుపాకి మోతకు అది రక్షణ కాదు. కొందరు ఖాళీ తూటా గొట్టాలను చెవుల్లో దూర్చుకుంటారు. అవి చెవిని కోయవచ్చు, లోపల ఇరుక్కోవచ్చు.

3. మీకు తగినది ఎంచుకోవడం

ప్లగ్గుల ప్యాకెట్టు మీద ఎన్.ఆర్.ఆర్. అని ఒక అంకె ఉంటుంది. ప్రయోగశాలలో అవి ఎన్ని డెసిబెల్లు తగ్గించాయో ఆ అంకె తెలుపుతుంది. కొన్ని స్పాంజి ప్లగ్గులకు ఇది 33 వరకు ఉంటుంది. కాని మనం పెట్టుకున్నప్పుడు సాధారణంగా అంత తగ్గదు. 33 అంకె ఉన్నది సగమే లోపలికి వెళ్లి, 25 అంకె ఉన్నది సరిగ్గా కూర్చుంటే, రెండోదే మేలు.

యాభై తూటాలు కాల్చే మనిషి నొప్పి తట్టుకోలేక చివరి ఒక్క తూటాకు ప్లగ్గు తీసినా, ఆ ఒక్క మోతే చెవిని దెబ్బతీయగలదు. కాబట్టి చెవికి సుఖంగా ఉండటం సోకు కాదు, అది రక్షణలో భాగమే.

ఎంచుకునేటప్పుడు ఇవి గమనించండి:
• మీ రెండు చెవుల రంధ్రాలు ఒకే సైజులో ఉండకపోవచ్చు. ఒక్కో చెవికి ఒక్కో సైజు వాడటంలో తప్పు లేదు.
• రంధ్రం సన్నగా ఉన్నవారు చిన్న సైజు అడగాలి.
• రెండు మూడు రకాలు తెచ్చుకుని, ఒక్కొక్కటి ఇంట్లో అరగంట పెట్టుకుని చూడండి. దవడ ఆడించండి. నొప్పి పుట్టినా, జారినా ఆ రకం మీకు పనికిరాదు.

4. పెట్టుకునే పద్ధతి

1. చేతులు కడుక్కోండి.
2. స్పాంజి ప్లగ్గును ముడతలు లేకుండా సన్నని వత్తిలా నలపండి.
3. రెండో చేతిని తల మీదుగా తెచ్చి, చెవి డొప్పను పైకి, వెనక్కి లాగండి. రంధ్రం తిన్నగా అవుతుంది.
4. వెంటనే లోపలికి పెట్టి, అర నిమిషం పాటు వేలితో అదిమి ఉంచండి.
5. పరీక్షించండి. అరచేతులతో చెవులను గట్టిగా మూసి తీయండి. చుట్టూ ఉన్న శబ్దంలో పెద్ద తేడా లేకపోతే ప్లగ్గులు సరిగ్గా కూర్చున్నట్టు.

5. జాగ్రత్తలు

• కాల్పులు జరిగే చోటికి వెళ్లకముందే పెట్టుకోండి. అందరూ ఆపాక, దూరంగా వచ్చిన తరువాతే తీయండి. పక్కవారి తుపాకి మోత కూడా మోతే.
• పెద్ద తుపాకులు కాల్చేటప్పుడు, పైకప్పు ఉన్న చోట కాల్చేటప్పుడు ప్లగ్గుల మీద మఫ్‌లు కూడా పెట్టుకోండి.
• ఆదేశాలు వినపడవని ప్లగ్గు తీయకండి. చేతి సైగలను ముందే మాట్లాడుకోండి.
• చెవిలో చీము కారుతున్నా, గులిమి గట్టిపడినా ప్లగ్గు పెట్టకండి. పుల్లలతో తవ్వకండి. డాక్టరుకు చూపించండి.
• అంతర్జాతీయ పోటీల నియమాల ప్రకారం, శబ్దాన్ని అందుకునే పరికరం ఉన్న రక్షణ సాధనాలను క్రీడాకారులు వాడకూడదు. మామూలు ప్లగ్గులకే అలవాటు పడటం మంచిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కుడి భుజం మీద నుంచి కాల్చేవారికి ఏ చెవి ఎక్కువగా దెబ్బతింటుంది?
2. హోరు తగ్గితే చెవి పూర్తిగా బాగుపడినట్టేనా?
3. అంకె పెద్దదైన ప్లగ్గు ఎప్పుడూ మంచిదేనా?

మీరు నేర్చుకున్న అంశాలు

తుపాకి మోతకు చచ్చిన రోమ కణాలు తిరిగి రావు. రక్షణ ప్లగ్గు ఖరీదులో లేదు, అది మీ చెవికి కుదరడంలో, చివరి తూటా దాకా చెవిలో ఉండటంలో ఉంది.

జవాబులు: 1. ఎడమ చెవి. 2. కాదు. కొంత నష్టం మిగిలి ఉండవచ్చు. 3. కాదు. చెవిలో సరిగ్గా కూర్చున్నదే మంచిది.