బృందమును వీడిన గళము

హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపురమున, 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు అను సౌధము ప్రారంభమైనది. నాటినుండి ఆ ప్రాంతము హైటెక్ సిటీ యను పేర పెరిగి, పల్లెలనుండి వచ్చిన వేలకొలది యువజనులకు జీవనాధారమైనది. పగలెల్ల కంప్యూటరు ముందు గడపినవారికి సాయంకాలము పాట కావలెను. ఆ పాట సినిమాదే కానక్కరలేదని చూపిన బృందములలో చౌరస్తా యొకటి. ఆ బృందమున పాడి, పిదప వేరుగా నిలిచిన రామ్ మిరియాలను గూర్చి నేడు ముచ్చటింతును.

బృందమునందు పాటను పలువురు కూడి కట్టుదురు. కీర్తియు నష్టమును అందరివి. చౌరస్తావారి ‘ఊరెళ్ళిపోత మామ’ అను పాట, పట్నమున విసిగినవాని ఊరిబెంగను వాడుకమాటలలో చెప్పినది. అందు కథానాయకుడు లేడు. విన్న ప్రతివాడును తానే నాయకుడు.

బృందమును వీడుట క్రొత్త సంగతి గాదు. ఇంగ్లండులో పంక్ సంగీతము వెనుక పుట్టిన బృందములలో టియర్‌డ్రాప్ ఎక్స్‌ప్లోడ్స్ 1982లో చెదరగా, దాని గాయకుడు జూలియన్ కోప్ 1984లో తన పేరనే రికార్డు వెలువరించెను. అచట ఒంటరి గాయకునకు రికార్డులే ఆధారము. మనకో, సినిమాయే పెద్ద వాకిలి.

రామ్ ఆ వాకిటనే ప్రవేశించెను. 2021లో ‘జాతిరత్నాలు’ చిత్రమున, రధన్ సంగీతములో, ఆయన పాడిన ‘చిట్టి’ పాట ఇంటింట మ్రోగెను. 2022లో ‘డీజే టిల్లు’ చిత్రపు పేరింటిపాటకు తానే బాణీ కట్టి తానే పాడెను. 2023లో ‘బలగం’ చిత్రమున, భీమ్స్ సంగీతములో, మంగ్లితో కలసి ‘ఊరు పల్లెటూరు’ పాడెను. దానిని వ్రాసిన కాసర్ల శ్యామ్‌నకు జాతీయ పురస్కారము లభించినది.

ఇందు లాభమేమన, బృందము చేరలేని పల్లెలకు ఆ గళము చేరినది. నష్టమేమన, సినిమాపాట పాత్రకు లోబడవలెను. తన బెంగను తాను చెప్పుకొను చనువు దానికి తక్కువ. ఆ చనువు బృందములయందే నిలిచియున్నది. కావున మాదాపురమున ఏ సాయంకాలమైనను క్రొత్త బృందమొకటి తెలుగున పాడుచుండగా విన్నచో, టిక్కెట్టు కొని లోనికి పొండని నా మనవి. రేపటి గాయకుడు అందుండవచ్చును.