మన మెట్టనేలకూ ఓ డిటెక్టివ్ కావాలి!

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక కాసేపు డిటెక్టివ్ నవల చదవడం నాకు అమ్మ దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. అమ్మ ట్రంకుపెట్టె నిండా కొమ్మూరి సాంబశివరావు నవలలే. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మాకు ఇంటి చుట్టాల్లాంటివాళ్లు. కానీ వాళ్లుండేది మద్రాసులో. మా వెంకటగిరికోట లాంటి వానల్లేని ఊరికి ఏ డిటెక్టివ్ వస్తాడులే అనుకునేదాన్ని.

కిందటేడు ఫీనిక్స్ నుంచి వచ్చిన మా వదిన, టోనీ హిల్లర్‌మన్ నవలలు రెండు ఇచ్చింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. అరిజోనా, న్యూ మెక్సికో, యూటా మూడు రాష్ట్రాల్లోనూ పరుచుకున్న నవహో ఆదివాసుల ఎడారి నేల అది. మా వి.కోట కూడా ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు దగ్గరపడే మూలేగా! బండలు, దుమ్ము, ఆకాశం వంక చూసే జనం... కొత్త చోటనిపించలేదు. 1970లో వచ్చిన మొదటి నవల నుంచీ కనిపించే పోలీసు అధికారి లీఫోర్న్ నేల మీది జాడలు చదవడంలో దిట్ట.

"ఏమ్మే, పొయ్యి మీద పాలు చూడకుండా ఏందా పుస్తకం?" అంది అత్త. చెప్పాను. "ఓస్, అదేనా!" అని నవ్వింది.

ఎందుకు నవ్విందో తర్వాత తెలిసింది. మా పక్కచేను ఆమెకు భర్త లేడు. అప్పు చేసి టమోటా పెట్టింది. ఓ రాత్రి రాగి కోసం ఎవరో బోరు మోటారు కేబుల్ కోసుకుపోయారు. పొద్దున్నే అత్త గట్టు మీద వంగి చూసింది. "వచ్చేటప్పుడు టైరు జాడ పైపైన ఉంది, పొయ్యేటప్పుడు దిగబడింది. ఒకడు కాదు, ఇద్దరు" అంది. చదువురాని మా అత్తలో నాకు లీఫోర్న్ కనిపించాడు! దొంగలు మాత్రం దొరకలేదు. కొత్త కేబుల్ వేసేలోగా నీళ్లందక పూత రాలిపోయింది. ఆమె ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఆ రాత్రి నా కథల ఫైలు తిరగేశాను. అన్నీ గోదావరి గట్టు కథలే. గోదావరిని నేను చూసింది ఒక్కసారి, అదీ రైలు కిటికీలోంచి!

హిల్లర్‌మన్ నవహో కాదు. అయినా ఆ నేలను ఎంత శ్రద్ధగా రాశాడంటే 1987లో నవహోలు ఆయన్ని తమ ఆప్తమిత్రుడిగా సత్కరించారు. 2008లో ఆయన పోయాక, 2013 నుంచి కూతురు ఆన్ ఆ కథలు కొనసాగిస్తూ, బెర్నడెట్ అనే నవహో మహిళా పోలీసును ముందుకు తెచ్చింది.

బయటివాడికి కనిపించినన్ని కథలు తన నేలలో ఉంటే, ఇక్కడే ఉన్న నాకు మన నేలలో ఒక్కటీ కనబడలేదేం? ఇప్పుడు కొత్త కథ మొదలుపెట్టాను. పోయింది వజ్రాల హారం కాదు, బోరు కేబుల్. డిటెక్టివ్ వయసు అరవై ఎనిమిది, నోట్లో వక్కాకు.

మీ ఇళ్లల్లోనూ ఉండే ఉంటుంది అలాంటి డిటెక్టివ్. ఓసారి పక్కన కూర్చుని అడిగి చూడండి!