ఇంటి బాణలిలో కరకరలాడే ఫ్రెంచ్ ఫ్రైస్

మా ఇందుకూరుపేటలో అసర్ నమాజు ముగిసే వేళకు మైపాడు వైపు నుండి సముద్రపు గాలి వీస్తుంది. ఆ గాలికి ప్రాణం హాయిగా ఉంటుంది గానీ, పళ్లెంలోని వేపుళ్లు మాత్రం కాసేపటికే మెత్తబడిపోతాయి. గత సంవత్సరం మా చిన్నమ్మాయి ఫ్రెంచ్ ఫ్రైస్ కావాలని మారాము చేస్తే, వాళ్ల అమ్మ ఉర్లగడ్డలు కోసి నూనెలో వేసింది. అవి పైన మాడి, లోపల పచ్చిగా ఉండి, చేత్తో పట్టుకుంటే వేలాడిపోయాయి. "అబ్బాజాన్! బజారులోవి ఇలా ఉండవు" అంది పిల్ల.

మరునాడు పట్నంలో ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. అక్కడ బాణలిలోని నూనె తారులా నల్లబడి, చిక్కబడి, నురగలు కక్కుతోంది. కొనకుండానే తిరిగి వచ్చేశాం. పిల్ల దారి పొడవునా నాతో మాట్లాడలేదు. పిల్లలకు వద్దని చెప్పడం తేలిక. వద్దన్నదానికి బదులు మంచిదాన్ని చూపడం పెద్దల బాధ్యత. ఆ బాధ్యతతోనే ఇంట్లో నలుగురం కూర్చుని ఈ వంటకం సంగతి తెలుసుకున్నాం. తెలిసినంతవరకు ఇక్కడ పొందుపరుస్తున్నాను.

దుంప ఎంపిక

ముందుగా ఒక మాట. లోపం వండిన చేతిది కాదు. బంగాళాదుంపలో ఐదింట దాదాపు నాలుగు పాళ్లు నీరే. ఆ నీరు పోయేలోగా పైభాగం మాడితే లోపల ఉడకదు. పైపొర గట్టిపడక ముందే దించితే లోపలి ఆవిరి ముక్కను మెత్తబరుస్తుంది. అందుచేత నీరు తక్కువగా, పిండి ఎక్కువగా ఉన్న దుంప కావాలి. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఇందుకోసమే 'కుఫ్రీ ఫ్రైసోనా' అనే రకాన్ని రూపొందించింది. మన ఊరి అంగళ్లలో రకం పేరు అడిగి కొనే వీలుండదు గనుక ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. పదకొండు గిన్నెల నీటిలో ఒక గిన్నె ఉప్పు కరిగించి దుంపను వేయండి. మునిగితే పిండి ఎక్కువగా ఉన్నదని, తేలితే నీరు ఎక్కువగా ఉన్నదని అర్థం. తేలినవాటిని కూరకు వాడుకోవచ్చు. బొటనవేలితో రుద్దగానే తొక్క ఊడే కొత్త దుంపలు కూడా ఈ వేపుడుకు అంతగా పనికిరావు.

దుంపలను ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి వాటిలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. అటువంటి ముక్కలు నూనెలో పడగానే నల్లబడి చేదెక్కుతాయి. ఇది రుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. దుంపల వంటి పిండిపదార్థాలను అధిక వేడిలో వేయించినప్పుడు అక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఏర్పడుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2002లో వెల్లడించారు. చక్కెర పెరిగినకొద్దీ, రంగు ముదిరినకొద్దీ అది అధికమవుతుంది. కనుక లేత బంగారు రంగు రాగానే దించివేయాలి.

చేసే విధానం

నలుగురికి అరకిలో దుంపలు చాలు. తొక్క తీసి, చిటికెన వేలి మందాన, అన్నీ ఒకే పరిమాణంలో కోయండి. సన్నవీ లావువీ కలిస్తే కొన్ని మాడతాయి, కొన్ని ఉడకవు. ముక్కలను రెండు మూడు నీళ్లలో కడిగి, అరగంట చల్లటి నీటిలో నానబెట్టండి. పైకి అంటిన పిండి పోతే ముక్కలు ఒకదానికొకటి అతుక్కోవు.

తరువాత లీటరు నీటిలో ఒక చెంచా వెనిగర్, కొద్దిగా ఉప్పు వేసి, ముక్కలను ఎనిమిది నిమిషాలు మెల్లగా ఉడికించండి. వెనిగర్‌లోని పులుపు వల్ల ముక్కలు చితికిపోకుండా నిలుస్తాయి. నీరు వంపి, శుభ్రమైన నూలు గుడ్డపై పరచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉన్న ముక్క నూనెలో చిట్లుతుంది.

ఇక వేయించడం రెండు విడతలు. మొదటిసారి నూనె మధ్యస్థంగా కాగాలి, సుమారు 160 డిగ్రీలు. ఒక ముక్క వేస్తే చిన్న బుడగలతో నెమ్మదిగా పైకి తేలాలి. నాలుగైదు నిమిషాలు వేయించి, రంగు మారకముందే తీసి, అరగంట చల్లారనివ్వండి. ఈ విడతలో లోపలి భాగం ఉడుకుతుంది. రెండవసారి నూనెను సుమారు 190 డిగ్రీల వరకు కాచి, రెండు మూడు నిమిషాలు వేయించండి. ఈ విడతలో పైపొర గట్టిపడుతుంది. ఒకేసారి ఎక్కువ ముక్కలు వేస్తే నూనె చల్లబడి ముక్కలు నూనె పీలుస్తాయి. గుప్పెడు గుప్పెడుగా వేయండి.

తీసినవాటిని తీగల జల్లెడలో పరచి, వేడి మీదనే ఉప్పు చల్లండి. వేయించక ముందు చల్లితే ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. మూత పెట్టవద్దు. మూత కింద చేరిన ఆవిరి కాసేపట్లో శ్రమనంతా వృథా చేస్తుంది. మాలాగా సముద్రతీరంలో ఉండేవారు అతిథులు కూర్చున్న తరువాతనే రెండవ విడత మొదలుపెట్టడం మేలు.

నూనె విషయంలో జాగ్రత్త

ఒకే నూనెను మళ్లీ మళ్లీ కాచడం ప్రమాదకరం. వాడిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించితే దానిని వంటకు వాడరాదని జాతీయ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జూలై 1 నుండి నిబంధన అమలుచేసింది. ఇంట్లో అది కొలవలేం. నూనె నల్లబడినా, చిక్కబడినా, నురగ కట్టినా, ఘాటు వాసన వచ్చినా పక్కన పెట్టేయాలి. చేపలు వేయించిన నూనెను దీనికి వాడవద్దు. నూనె వృథా కాకూడదంటే చిన్న బాణలిలో కొద్దిపాటి నూనెతో వేయించడమే సరైన మార్గం. ఎప్పుడైనా నూనెకు మంట అంటుకుంటే నీళ్లు పోయకండి. స్టవ్ ఆపి పళ్లెంతో మూసివేయండి.

బయట కొనేటప్పుడు ఏ నూనెలో వేయించారని అడగడానికి సంకోచించనక్కరలేదు. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ సంస్థ 1990లో పశువుల కొవ్వు మాని వనస్పతి నూనెలకు మారినట్టు ప్రకటించింది. అయితే తమ ఫ్రైస్‌లో గొడ్డుమాంసపు సారం కలుస్తూనే ఉందని తెలిసి, శాకాహారులు, హిందువులు 2001లో న్యాయస్థానానికి వెళ్లారు. 2002లో ఆ సంస్థ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు చెల్లించేందుకు అంగీకరించింది. హలాల్ విషయంలో జాగ్రత్త వహించే మనకు, తినేదానిలో ఏమి కలిసిందో అడిగే హక్కు ఇతరులకు ఎంత ఉందో మనకూ అంతే ఉంది.

ఎంత శుభ్రంగా చేసినా ఇది వేపుడే. మా ఇంట్లో నెలకు రెండుసార్లకు మించదు. రంజాన్ నెలలో ప్రతి ఇఫ్తార్‌కూ దీన్ని పెట్టడం మంచిది కాదు. మధుమేహం ఉన్న పెద్దలకు రెండు ముక్కలు చాలు.

మూడవ ప్రయత్నంలో మాకు సరిగా కుదిరింది. మా అమ్మాయి పళ్లెం చేతిలోకి తీసుకుని, మొదటి ముక్క వాళ్ల అమ్మకు పెట్టింది. తరువాత ఒక గిన్నెలో కొన్ని సర్ది, పక్కింటి పిల్లలకు ఇచ్చి రావడానికి వెళ్లింది. మెత్తబడకముందే చేరాలని పరుగెత్తుకుంటూ వెళ్లింది.