కొత్త కారుకు 'స్టేజ్-1' కొట్టిస్తున్నారా..? తెనాలి, బాపట్ల, రేపల్లె రోడ్ల మీద ముందు మార్చాల్సింది ఇంజిన్ కాదు!

కొత్త కారు ఇంటికొచ్చి నెల తిరక్కముందే ఓనర్ ఫోన్‌ నిండా ఒకటే రకం వీడియోలు. ల్యాప్‌టాప్ తగిలించారు.. కాసేపట్లో 150 హార్స్‌పవర్ కాస్తా 190 అయిపోయింది. సైలెన్సర్ మార్చారు.. కారు వీధి మలుపులో ఉండగానే ఇంట్లోవాళ్లకు తెలిసిపోయింది. కామెంట్లలో మాత్రం అదే ప్రశ్న.. 'బ్రో, మా బండికి ముందు ఏం చేయించాలి?'

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఉండేవాళ్లకు ఈ ప్రశ్నకు జవాబు ఆ రీల్స్‌లో దొరకదు. ఎందుకంటే ఆ వీడియోల్లో చాలావరకు అమెరికాలోనో, దుబాయ్‌లోనో, లేదంటే ఖాళీ ఎక్స్‌ప్రెస్ వే మీదో తీసినవి. ఇక్కడి రోడ్డు వేరు, ఎండ వేరు, గాలిలో తేమ వేరు, చట్టమూ వేరే. చేతిలో లక్ష రూపాయలుంటే వాటిలో మొదటి రూపాయి టైర్లకు, బ్రేకులకు వెళ్లాలి. పవర్ సంగతి ఆ తర్వాత.

అసలు ఈ పిచ్చి ఎక్కడ మొదలైందంటే..

పెద్ద ఇంజిన్ తీసుకొచ్చి మామూలు కారులో పెడితే అదే మజిల్ కార్. 1964లో అమెరికాలో వచ్చిన పాంటియాక్ జీటీవోతో ఈ జోరు మొదలైందని చెబుతారు. 6.4 లీటర్ల వీ8 ఇంజిన్, 325 హార్స్‌పవర్. మరి బ్రేకులు? నాలుగు చక్రాలకూ పాతకాలం డ్రమ్ బ్రేకులే! పరిగెత్తడం వచ్చు, ఆగడం రాదు. అరవై ఏళ్ల తర్వాత కూడా మాడిఫికేషన్ చేయించేవాళ్లు ఇదే తప్పు చేస్తున్నారు.

మన దేశానికి అసలు సిసలు మజిల్ కార్ అధికారికంగా వచ్చింది 2016లో. ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, 5 లీటర్ల వీ8, ఎక్స్ షోరూం ధర రూ. 65 లక్షలు. అమెరికాలో 435 హార్స్‌పవర్ ఇచ్చే ఇదే ఇంజిన్ ఇక్కడికి వచ్చేసరికి దాదాపు 400 దగ్గర ఆగింది. స్టీరింగ్ కుడివైపు ఉండే కారు కాబట్టి ఎగ్జాస్ట్ గొట్టాల అమరిక కూడా మారింది. అందుకే డల్లాస్‌లో ఉన్న తమ్ముడు మస్టాంగ్ కొని, 'అన్నా, నీ ఫ్రెండ్‌ కారుకి కూడా ఈ ఎగ్జాస్ట్ కిట్ పంపిస్తా' అంటే వెంటనే సరే అనకూడదు. అక్కడి కిట్ ఇక్కడి కారుకు పడుతుందన్న గ్యారంటీ లేదు. బీఎస్-6 నిబంధనలు వచ్చాక 2020లో మస్టాంగ్ అమ్మకాలు ఆగిపోయాయి. 2021లో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీయే ఆపేస్తున్నట్లు ప్రకటించింది.

ఇప్పుడు మన ఊళ్లలో 'పవర్‌ఫుల్ బండి' అంటే వేరే లిస్టు. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, స్కోడా స్లావియా 1.5 (150 పీఎస్), హ్యుందాయ్ క్రెటా ఎన్‌లైన్ (160), థార్ రాక్స్ పెట్రోల్ ఆటోమేటిక్ (177), ఎక్స్‌యూవీ 700 పెట్రోల్ (200). ఇక ఎలక్ట్రిక్‌లో మహీంద్రా బీఈ 6 పెద్ద బ్యాటరీ మోడల్ అయితే ఏకంగా 286. దానికి ట్యూనింగ్ కావాలని అడిగేవాళ్లు ఉంటే వాళ్లకు నమస్కారం పెట్టడం తప్ప చేయగలిగింది లేదు.

రోడ్డు చూశాక చెప్పండి..

తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. ఇటు పొన్నూరు మీదుగా బాపట్ల. దారి పొడవునా కాలవలు, గట్లు, ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు. జులై, ఆగస్టులో పొలంలో దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టర్లు నల్లమట్టి పెళ్లలు వదిలేస్తాయి. చిన్న జల్లు పడిందంటే అది సబ్బు రాసినట్టే. కోతల టైంలో రోడ్డు సగం మేర ధాన్యం, మొక్కజొన్న ఆరబోసి ఉంటాయి. గింజల మీద టైరు పడితే కింద గోళీలు ఉన్నట్టే. రాత్రిపూట వెనక లైటు లేని గడ్డి ట్రాక్టర్ సంగతి సరేసరి. రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా వెళ్లే 216 నేషనల్ హైవే కాస్త ఊపిరి తీసుకోనిస్తుంది. కానీ దాని మీదకూ ఊరి దారులు వచ్చి కలుస్తూనే ఉంటాయి.

ఇలాంటి చోట లెక్క చాలా సింపుల్. మంచి టైర్లు, పొడి రోడ్డు, డ్రైవర్ తేరుకోవడానికి ఒక్క సెకను అనుకుంటే.. 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు పూర్తిగా ఆగడానికి దాదాపు 37 మీటర్లు పడుతుంది. 100లో ఉంటే 84 మీటర్లు. 120లో ఉంటే 114 మీటర్లు. వేగం రెండింతలైతే ఆగే దూరంలో బ్రేక్ నొక్కాక పట్టే భాగం నాలుగింతలు అవుతుంది. స్టేజ్-1 చేయిస్తే 100 అందుకోవడానికి ఒక సెకను కలిసొస్తుందేమో.. ఆగే దూరంలో ఒక్క మీటరు కూడా తగ్గదు.

టైరు పక్కన రాసున్నది చదివారా?

టైరు పక్కగోడ మీద ఉండే అంకెలు చాలామంది చూడరు. చివర్లో ఉండే ఇంగ్లిష్ అక్షరం ఆ టైరు తట్టుకునే గరిష్ఠ వేగం. టీ అంటే 190, హెచ్ అంటే 210, వీ అంటే 240, డబ్ల్యూ అంటే 270 కిలోమీటర్లు. దాని ముందుండే అంకె బరువు. 91 అని ఉంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది. కొత్త టైర్లు వేయించేటప్పుడు షాపులో ఉన్నవాటితో సర్దుకుపోయి కంపెనీ ఇచ్చినదానికంటే తక్కువ అక్షరం, తక్కువ అంకె వేయించుకుంటే పవర్ పెంచి కాళ్లు విరగ్గొట్టుకున్నట్టే. ఇంకోటి, నాలుగంకెల తయారీ తేదీ. 2325 అని ఉంటే 2025లో 23వ వారం చేసిన టైరని అర్థం. డిస్కౌంట్ ఎక్కువ ఇస్తున్నారంటే ముందు ఆ నాలుగంకెలే చూడాలి.

థార్‌లకు పెద్ద పెద్ద టైర్లు వేయడం మన దగ్గర బాగా నడుస్తోంది. చూడ్డానికి దర్జాగా ఉంటుంది, నిజమే. కానీ టైరు పెద్దదయ్యేకొద్దీ బరువు పెరుగుతుంది, ఇంజిన్ తిప్పడానికి కష్టపడుతుంది, బ్రేకు ఆపడానికి ఇంకా కష్టపడుతుంది. పికప్ తగ్గుతుంది. స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే బండి అంతకంటే ఎక్కువలో వెళ్తుంటుంది. అదే మోడల్ టాప్ వేరియంట్‌కు కంపెనీ ఇచ్చే సైజు వరకు వెళ్లడం సేఫ్. అది దాటితే దర్జా మాత్రమే మిగులుతుంది.

బ్రేక్ ఆయిల్.. సముద్రం పక్క ఊళ్ల స్పెషల్ సమస్య

దీని గురించి రీల్స్ ఎవరూ చేయరు. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. సూర్యలంక గాలి తగిలే బాపట్లలో, రేపల్లెలో తేమకు కొదవేం లేదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు అన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. వేగంగా వెళ్లి వరసగా నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకులు కొడితే ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. అప్పుడు పెడల్ నొక్కితే స్పాంజి తొక్కినట్టు లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు.

అందుకే రెండేళ్లకోసారి తప్పనిసరిగా మార్పించాలి. పవర్ పెంచాలనుకునేవాళ్లు కంపెనీ మాన్యువల్ ఒప్పుకుంటే డాట్ 5.1కు వెళ్లొచ్చు. అది కొత్తగా 260, తేమ పట్టాక 180 డిగ్రీలు. ఒట్టి డాట్ 5 అని వేరే ఉంది, అది సిలికాన్ రకం.. మామూలు కార్లలో అస్సలు పోయకూడదు. దీంతోపాటు మంచి బ్రేక్ ప్యాడ్లు వేయిస్తే చాలు. రేస్ ప్యాడ్లు వద్దు. అవి వేడెక్కితేగానీ పట్టవు. పొద్దున్నే ఇంటి ముందు పిల్లాడు అడ్డమొస్తే ఆ ప్యాడ్లు వేడెక్కేదాకా ఎవరు ఆగుతారు?

మరి స్టేజ్-1 సంగతేంటి?

ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూలో సాఫ్ట్‌వేర్ మార్చడమే స్టేజ్-1. టర్బో ఇంజిన్లలో దీంతో 20 నుంచి 30 శాతం పవర్ పెరగడం నిజమే. టర్బో లేని ఇంజిన్లో పెరిగేది చాలా తక్కువ. అక్కడ ఖర్చు దండగ. పాతిక, ముప్పై వేల నుంచి మొదలవుతుంది కాబట్టి చవకే అనిపిస్తుంది.

అసలు తిరకాసు గేర్‌బాక్స్ దగ్గర ఉంది. వర్టస్, స్లావియా 1.5 ఆటోమేటిక్‌లో వాడే డీక్యూ200 అనే డ్రై క్లచ్ గేర్‌బాక్స్‌ను 250 న్యూటన్ మీటర్ల టార్క్ కోసం డిజైన్ చేశారు. ఇంజిన్ ఇచ్చేదీ సరిగ్గా అంతే, 250. అంటే కంపెనీ నుంచి వచ్చినప్పుడే గ్లాసు నిండుగా ఉంది. దాని మీద ఇంకో యాభై, అరవై పోస్తే ఒలికేది క్లచ్‌ల మీదే. తెనాలి బోస్ రోడ్డు ట్రాఫిక్‌లో ఆగుతూ, పాకుతూ వెళ్లే కారుకు ఆ క్లచ్ ఎంత ముఖ్యమో నడిపేవాళ్లకు తెలుసు.

'వారంటీకి వెళ్లేముందు మళ్లీ ఒరిజినల్ ఫైల్ ఎక్కించేద్దాం' అని ట్యూనర్లు ధీమాగా చెబుతారు. నమ్మేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. ఈసీయూను ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో లెక్క అందులోనే ఉండొచ్చు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్‌లో అయితే ట్యూన్ చేసిన కారని తేలితే కంపెనీ రికార్డులో టీడీ1 అనే గుర్తు పడుతుంది. ఆ తర్వాత ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. కాబట్టి కొత్త కారు వాళ్లు వారంటీ అయ్యేదాకా ఆగడమే తెలివైన పని. అప్పటికి ఆ మోడల్‌లో ఏ భాగం బలహీనమో కూడా అందరికీ తెలిసిపోయి ఉంటుంది.

ఎండాకాలం విషయం కూడా ఉంది. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఇంజిన్‌లోకి వేడి గాలి వెళ్తే నాకింగ్ రాకుండా ఈసీయూ తనంతట తానే పవర్ తగ్గించేస్తుంది. డైనో మీద ఏసీ గదిలో వచ్చిన 190, మే నెలలో రేపల్లె రోడ్డు మీద 190 కాదు.

ఎయిర్ ఫిల్టర్‌తో జాగ్రత్త

'కోల్డ్ ఎయిర్ ఇంటేక్' పేరుతో అమ్మేవాటిలో కొన్ని బానెట్ కింద ఓపెన్‌గా పెడతారు. అవి పీల్చేది చల్లగాలి కాదు, ఇంజిన్ వదిలే సెగ. శబ్దం మాత్రం బాగా వస్తుంది.. అందుకే పవర్ పెరిగిందనిపిస్తుంది! ఇంకో రకం బంపర్ కిందికి దించుతారు. డెల్టాలో ఇది మరీ ప్రమాదం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు కృష్ణ లంక గ్రామాలు మునిగాయి. కిందికి దించిన ఇంటేక్ ఒక్క గుక్క నీళ్లు తాగితే చాలు.. నీళ్లు కుదించుకుపోవు కాబట్టి లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. కంపెనీ గాలి గొట్టాన్ని ఎత్తులో పెట్టింది ఊరికే కాదు.

సైలెన్సర్ మార్చారా.. బుక్కయినట్టే!

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో ఇదే తేల్చి చెప్పింది. 2019 సవరణ తర్వాత సెక్షన్ 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించాలి. సైలెన్సర్, ఈసీయూ, టైర్లు అంటే మూడు లెక్కలు.

శబ్దం, పొగ విషయంలో సెక్షన్ 190(2) ఇంకా గట్టిది. మొదటిసారికే రూ. 10,000 వరకు ఫైన్ లేదా మూడు నెలల వరకు జైలు, దాంతోపాటు మూడు నెలలు లైసెన్స్‌కు అనర్హత. విశాఖలో పోలీసులు మోడిఫైడ్ సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు అందరూ చూసినవే. అవి బైక్‌లవి కదా అనుకోవద్దు, చట్టం కారుకూ అదే. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసి గొట్టం పెట్టిస్తే పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరా దొరికిపోతారు.

ఇన్సూరెన్స్ మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. మార్పులు చేయించి కంపెనీకి చెప్పకపోతే యాక్సిడెంట్ అయినప్పుడు సొంత కారు క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్ల చేతికి కారణం ఇచ్చినట్టే. పదిహేను లక్షల కారు, పాతిక వేల సాఫ్ట్‌వేర్. ఏజెంట్‌తో నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా చెప్పి, పాలసీలో ఎక్కించుకోవాలి.

వేగం చూడాలనే కోరిక తీరకపోతే?

దానికి 216 హైవే కాదు, సూర్యలంక ఇసుక అంతకన్నా కాదు. ఉప్పు ఇసుక బ్రేక్ డిస్కులను, అడుగు భాగాన్ని తినేస్తుంది. పైగా అక్కడ జనం పిల్లాజెల్లాతో తిరుగుతుంటారు. తెనాలి నుంచి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ట్రాక్ డే పెట్టినప్పుడు సొంత కారుతో వెళ్లి హెల్మెట్ పెట్టుకుని తిప్పొచ్చు. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలు ట్రాక్ మీద జరిగే నష్టానికి వర్తించవు, అది తెలుసుకునే వెళ్లాలి. అక్కడ నాలుగు ల్యాప్‌లు కొట్టాక చాలామందికి ముందు చేతులెత్తేసేది ఇంజిన్ కాదు, బ్రేకులే. తిరిగి రావడానికి ఆ నాలుగు వందల కిలోమీటర్లూ అదే కారు, అవే ప్యాడ్లు కాబట్టి ఒక సెట్ ప్యాడ్లు, ఒక డబ్బా బ్రేక్ ఆయిల్ డిక్కీలో వేసుకెళ్లడం మంచిది.