చలి వెళ్లింది... పెట్టె తెరిచారా?

లంబసింగి మంచు కరిగే వేళ తేనెటీగలకు అసలు పరీక్ష మొదలవుతుంది. ఉగాది నాటికి పట్టు నిండాలంటే మాఘమాసంలోనే పెట్టె మూత తీయాలి. తీసి ఏం చూడాలి? ఏం చేయాలి?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాట్‌ ఎక్కితే ఆ మాట విలువ తెలుస్తుంది. సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత తరచూ ఒక్క అంకెకు పడిపోతుంది. పొద్దెక్కేదాకా మంచుతెర తొలగదు. చూడవచ్చిన వాళ్లకు అది పండగే. తేనెటీగకు మాత్రం పస్తు! పది డిగ్రీల చలిలో అది రెక్క విప్పలేదు. గుంపంతా ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దగా చేరి, కండరాలు వణికించి వేడి పుట్టించుకుంటుంది. పిల్లలున్న చోట 33 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం నిలుపుతుంది. ఆ పొయ్యికి కట్టె... దాచుకున్న తేనే!

మరి చలి తగ్గగానే కష్టం తీరినట్టేనా? అక్కడే చాలామంది పొరబడతారు.

ఆకలి మొదలయ్యేది ఇప్పుడే!

మన్యంలో నవంబరు, డిసెంబరు నెలల్లో వలిసె చేలు పసుపు దుప్పటి కప్పుకుంటాయి. ఈగలకు అది పెద్ద విందు. సంక్రాంతి వచ్చేసరికి ఆ పూలు రాలిపోతాయి. మళ్లీ కాఫీ తోటలు తెల్లగా విరబూసేది మార్చి, ఏప్రిల్‌లలో, తొలి వాన జల్లు పడ్డాక. మధ్యలో ఉన్న ఆ నెలా, నెలన్నరా గడ్డు రోజులే.

ఎండ కాస్త వెచ్చబడగానే రాణి ఈగ గుడ్లు పెట్టడం పెంచుతుంది. పిల్లలకు మేత కావాలి. నిల్వ చూస్తే అడుగంటింది. చలికాలం గడిపిన ముసలి ఈగలు ఒక్కొక్కటిగా రాలిపోతుంటాయి. తినే నోళ్లు ఎక్కువ, తెచ్చే రెక్కలు తక్కువ! అందుకే చలిని తట్టుకున్న గూడు కూడా ఫిబ్రవరిలో ఆకలితో ఖాళీ అయిపోవచ్చు.

లెక్క చూడండి. గుడ్డు పడిన దగ్గర్నుంచి కూలీ ఈగ బయటికి రావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. వచ్చాక గది ఊడవడం, పిల్లలకు తినిపించడం, మైనం అల్లడం వంటి ఇంటి పనులతో మరో రెండు మూడు వారాలు గడుస్తాయి. ఆ తర్వాతే పూల దారి పడుతుంది. అంటే ఆరు వారాలు! మార్చి చివరలో కాఫీ పూతకు ఈగలు కావాలంటే ఫిబ్రవరి మొదట్లోనే గుడ్డు పడాలి. పూత వచ్చాక పెట్టె తెరిస్తే చేసేదేం ఉండదు. కాఫీ పువ్వు నిలిచేది నాలుగైదు రోజులే మరి.

మూత తీయకముందే...

అనుభవమున్న పెంపకందారు ముందు గుమ్మం చూస్తాడు. కాళ్లకు పుప్పొడి ముద్దలు అంటించుకుని ఈగలు లోపలికి వెళ్తున్నాయా? అయితే లోపల పిల్లలున్నట్టే. గుమ్మం ముందు చచ్చిన ఈగలు కుప్పగా ఉన్నాయా? అది కీడు. తర్వాత పెట్టెను వెనక నుంచి కాస్త ఎత్తి చూడాలి. తేలిగ్గా లేచిందంటే నిల్వ లేనట్టే!

మూత తీయడానికి ఎండ బాగా కాసే రోజు, పదీ పన్నెండు గంటల మధ్య సమయం మంచిది. మంచు ఉండగా తీస్తే పిల్లలకు చలి తగులుతుంది. కొద్దిగా పొగ చాలు. ఒక్కో చట్రం నెమ్మదిగా పైకి తీసి, పనయ్యాక అదే వరుసలో పెట్టాలి.

రాణి కోసం గంటల తరబడి వెతకనక్కర్లేదు. గది అడుగున బియ్యపు నూకలాంటి గుడ్డు ఒక్కటి కనిపిస్తే చాలు. గుడ్డు మూడు రోజుల్లో పొదుగుతుంది. కాబట్టి గత మూడు రోజుల్లో రాణి అక్కడ ఉందన్నమాట! ఒకే గదిలో రెండు మూడు గుడ్లు, అవీ గోడలకు అంటుకుని ఉంటే... రాణి పోయి చాలా రోజులై, కూలీ ఈగలే గుడ్లు పెడుతున్నాయని అర్థం. వాటి నుంచి పోతుటీగలే పుడతాయి. ఆ గూడు నిలవదు.

పట్టు మీద సాలెగూడులాంటి దారాలు, సొరంగాలు ఉంటే మైనపు పురుగు చేరినట్టు. బలహీనమైన గూళ్లనే అది పట్టుకుంటుంది. అందుకే ఈగలు కప్పి ఉంచలేని ఖాళీ పట్లు తీసేయాలి. అడుగుపలక శుభ్రంగా గీకాలి.

నిల్వ లేకపోతే పంచదార, నీళ్లు సమపాళ్లలో కలిపి సాయంత్రం పూట పెట్టాలి. పగలు పెడితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. బజారు తేనె మాత్రం పెట్టొద్దు. దాంతో రోగాలు రావచ్చు.

వేలకు వేల పెట్టెలు ఖాళీ

రోగమంటే గుర్తొచ్చేది 1991-92. థాయ్‌ శాక్‌బ్రూడ్‌ అనే వైరస్‌ దక్షిణాది రాష్ట్రాలను చుట్టేసింది. మన పుట్టతేనెటీగల పెట్టెలు వేలకు వేలు ఖాళీ అయ్యాయి. ఈ జబ్బు సోకిన పిల్లపురుగు గదిలో తల పైకెత్తి, పడవ మూతిలా నిలిచి చచ్చిపోతుంది. పట్టుకుని లాగితే నీళ్ల సంచిలా వస్తుంది. మందు లేదు. తట్టుకుని నిలిచిన గూళ్ల నుంచే మళ్లీ సంతతి పెంచుకోవాలి. ఐరోపా రకం ఈగను మన దేశంలో 1962లో హిమాచల్‌ప్రదేశ్‌లో నిలదొక్కుకునేలా చేశారు. తేనె దిగుబడిలో మన ఈగ దానికి సాటిరాదు. కానీ కొండ వాతావరణం, చెల్లాచెదురు పూలు మన ఈగకు అలవాటే. పెట్టుబడీ తక్కువే.

పాత పేపరుతో పొత్తు!

రాణి లేని గూడు ఒకటి, రాణి ఉన్నా బలం లేని గూడు మరొకటి ఉన్నాయనుకోండి. రెండింటినీ కలపొచ్చు. నేరుగా కలిపితే వాసన తేడాతో కొట్టుకు చస్తాయి. అందుకే రెండు పెట్టెల మధ్య ఒక వార్తాపత్రిక కాగితం పరిచి, సూదితో నాలుగు రంధ్రాలు చేస్తారు. ఈగలు ఆ కాగితాన్ని రెండు మూడు రోజుల్లో కొరికి పారేస్తాయి. ఈలోగా రెండు గూళ్ల వాసనా ఒకటైపోతుంది. చదివేసిన పేపరుకు ఇంతకన్నా మంచి ఉపయోగం ఏముంటుంది!

కింద జీడిమామిడి... పైన కాఫీ

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి నర్సీపట్నం అనకాపల్లి జిల్లాకు, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లాయి. ఈగకు ఆ సరిహద్దు తెలియదు. కొండ మీద పూలు కరవైన వేళకే కింద మైదానంలో జీడిమామిడి పూతకొస్తుంది. రాత్రిపూట గుమ్మం మూసి పెట్టెలు కిందికి దించి, కాఫీ పూత వేళకు పైకి చేర్చుకునే వీలుంది. ఈగలు తిరిగితే జీడితోటకూ లాభమే. కాఫీ తన పుప్పొడితో తానే కాయ కట్టగలిగినా, ఈగలు వాలితే కాపు పెరుగుతుంది.

చిక్కల్లా మందు దగ్గరే! జీడి పూతను తేయాకు దోమ మాడ్చేస్తుంది. దాని మీద కొట్టే మందు పువ్వు మీద వాలిన ఈగనూ చంపుతుంది. ఉదయం బయల్దేరిన ఈగలు సాయంత్రానికి తిరిగి రావు. తోట రైతుకు పంట ముఖ్యం, పెట్టెల రైతుకు ఈగ ముఖ్యం. ఎవరినీ తప్పుపట్టలేం. మందు తప్పనిసరైతే ఈగలు గూడు చేరాక, పొద్దుగూకే వేళ కొట్టాలి. ముందురోజే పెట్టెల వాళ్లకు కబురు చేయాలి. ఈ రెండూ చేస్తే ఇద్దరి నష్టమూ చాలావరకు తగ్గుతుంది.

మన్యంలో తేనె ఈనాటి వ్యాపారం కాదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల నుంచి తేనె కొని ఊరూరా అమ్ముతోంది. అడవి తేనెకు కొండచరియలు ఎక్కాలి, ప్రాణాలకు తెగించాలి. పెరట్లో పెట్టెకు ఆ ప్రమాదం లేదు. ఆడవాళ్లూ చూసుకోగలరు. ఇంటి ఖర్చులకు నాలుగు డబ్బులొస్తాయి. కానీ ఆ డబ్బు చేతికందేదీ లేనిదీ తేనె తీసే రోజున తేలదు. చలి ఇంకా పూర్తిగా పోని ఈ మాఘమాసపు ఎండలో, మూత తీసి చూసే ఆ పది నిమిషాల్లోనే తేలిపోతుంది!